చచ్చినవాడి కాగితాలు బారెడు

మనిషి పోయాక ఆత్మ పదహారు పట్టణాలు దాటుకుంటూ, మధ్యలో వైతరణి ఈదుకుంటూ ఏడాదికల్లా యముడి కొలువు చేరుతుందని గరుడపురాణం. దారి ఎంత ఘోరమైనదైనా గడువు మాత్రం ఖాయం. ఆ మనిషి పేరున బ్యాంకులో ఉండిపోయిన సొమ్ము ఆయన భార్య చేతికి ఎన్నాళ్లకు చేరుతుందో చెప్పే సాహసం మాత్రం ఏ పురాణమూ చెయ్యలేదు. యమలోకంలో లంచ్ బ్రేక్ లేదు, సర్వర్ డౌన్ లేదు, ఆడిట్ భయం అసలే లేదు.

పెద్దాయన పోయారు. పేరెందుకు, ప్రతి ఇంట్లోనూ ఒక పెద్దాయన ఉంటారు. పదకొండో రోజు దాకా ఊరంతా ఆయన్ని మెచ్చుకుంటూనే ఉంటుంది. చచ్చినవాడి కళ్లు చారెడు అన్నారు కదా. పన్నెండో రోజు భోజనాలయ్యాక, విస్తళ్లు ఇంకా ఎత్తకముందే, బాబాయి వరస అయినాయన ఒకడు గొంతు తగ్గించి అడుగుతాడు: "వదినా, నామినీ ఎవరో చూశారా?" కళ్ల సంగతి అక్కడితో ముగిసింది. ఇక కాగితాలు.

మొదటి కాగితం మరణ ధ్రువపత్రం. 1969 నాటి చట్టం ప్రకారం 21 రోజుల్లోగా చెప్పాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఇందులో ఒక న్యాయం లేకపోలేదు. పెద్దాయన బతికున్నంతకాలం ఏటా ఒకసారి వెళ్లి "నేను బతికే ఉన్నాను మొర్రో" అని వేలిముద్ర వేస్తే తప్ప పెన్షనిచ్చే ప్రభుత్వం నమ్మలేదు. బతికున్నాడన్నప్పుడు నమ్మని వాళ్లు పోయాడంటే మాత్రం ఎందుకు నమ్మాలి? ఆయన తర్వాత కుటుంబ పెన్షను తీసుకునే ఆవిడకు ఇంకో అదనపు మర్యాద ఉంది. డెబ్బై అయిదేళ్ల వయసులో, మోకాళ్ల నొప్పులతో ఆటో దిగి, తాను మళ్లీ పెళ్లి చేసుకోలేదని రాసివ్వాలి.

నమ్మకం విషయంలో మన రెవెన్యూ శాఖలు మరీ నిష్పక్షపాతం. ఉత్తరప్రదేశ్‌లో ఆజంగఢ్ జిల్లా లాల్ బిహారీని బంధువులు భూమి కోసం కాగితాల్లో చంపేశారు. చనిపోయాడని రాయడానికి అట్టే సమయం పట్టలేదు. ఆయన బతికే ఉన్నాడని మళ్లీ రాయడానికి 1994 దాకా, అంటే సుమారు పద్దెనిమిదేళ్లు పట్టింది. ఈలోగా ఆయన తనలాంటి వాళ్లందరినీ పోగేసి మృతుల సంఘం పెట్టాడు, ఎన్నికల్లో నిలబడ్డాడు. 2003లో ఇగ్ నోబెల్ శాంతి బహుమతి కూడా వచ్చింది. బతికున్నవాణ్ణి చంపడానికి ఒక్క కలంపోటు చాలిన దేశంలో, నిజంగా పోయినవాడు పోయాడనడానికి మాత్రం ఫోటో, ఆధారు, ఇద్దరు సాక్షులు.

ఇక పేరు. తెలుగువాడికి ఇంటిపేరు ముందుంటుంది, కంప్యూటరుకేమో వెనక ఉండాలి. వెంకట సత్యనారాయణమూర్తి అని నామకరణం జరిగిన మనిషి పట్టాదారు పుస్తకంలో సత్తెనారాయణ, ఎల్ఐసీ బాండులో వి.ఎస్.ఎన్. మూర్తి, ఆధారులో ఎక్కడా ఖాళీ లేకుండా అతుక్కుపోయిన ఇరవై చిల్లర అక్షరాలు, పాన్ కార్డులో వాళ్ల నాన్న పేరుతో సహా అందరూ కలిసిన ఉమ్మడి కుటుంబం. బతికినన్నాళ్లూ ఒక్కడుగా ఉన్న మనిషి పోగానే నలుగురవుతాడు. ఈ నలుగురూ ఒక్కరేనని స్టాంపు కాగితం మీద అఫిడవిట్ రాయించి నోటరీ చేయించాలి. తలలు పదున్నా రావణుడు రికార్డుల్లో ఒకే పేరు వాడినట్టున్నాడు. లేకపోతే విభీషణుడి పట్టాభిషేకం ఇప్పటికీ పెండింగులోనే ఉండేది, మండోదరి నో అబ్జెక్షన్ కోసం.

ఇంతలో ఓటీపీ అనే దేవత ఒకటి వెలసింది. పోయినాయన ఖాతా వివరం తెలియాలన్నా, పాలసీ నంబరు చూడాలన్నా, పోయినాయన ఫోనుకే అంకెలు వస్తాయి. అందుకే ఈ రోజుల్లో చాలా ఇళ్లలో నాన్న ఫోటోకి దండ వేసినా, నాన్న సిమ్‌కి రీచార్జి ఆపడం లేదు. టెలిఫోన్ కంపెనీ దృష్టిలో ఆయన గడువు తప్పని ఉత్తమ ఖాతాదారు. పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా పంపుతుంది.

సరే, కౌంటరు దగ్గరికి వద్దాం. "ఫ్యామిలీ మెంబరు సర్టిఫికెట్ తెచ్చారా?" మీసేవలో దరఖాస్తు, వీఆర్వో విచారణ, ఆర్ఐ రిపోర్టు, తహసీల్దారు సంతకం. తెస్తారు. "ఇది చాలదమ్మా, లీగల్ హెయిర్ కావాలి." అదీ తెస్తారు. "కోర్టు నుంచి సక్సెషన్ తెచ్చుకోండి." ఒకప్పుడు మన ఊళ్లలో దయ్యం లోపలికి రాకుండా తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవారు. ఇప్పుడు ఆ రాత అవసరం లేకుండానే ఆఫీసులు ఆ పని చేస్తున్నాయి, దయ్యానికి బదులు ఇల్లాలికి.

ఈ కాగితాల గుట్ట మొత్తం తిరగేస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. వీటిలో ఏ ఒక్కటీ ఆస్తి ఫలానా వారిదని చెప్పదు. ఫ్యామిలీ మెంబరు సర్టిఫికెట్ కుటుంబంలో ఎవరెవరున్నారో చెబుతుంది తప్ప వారసత్వాన్ని నిర్ణయించదు. నామినీ అంటే డబ్బు అందుకునే చెయ్యి మాత్రమే, యజమాని కాదని బీమా విషయంలో సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది; 2015 సవరణ దగ్గరివాళ్లకు కొంత వెసులుబాటిచ్చింది. షేర్ల విషయంలో 2023 డిసెంబరులో మళ్లీ చెప్పింది. భూమి రికార్డులో పేరు మారడం శిస్తు వసూలు కోసమే, హక్కు కోసం కాదని ఎన్ని తీర్పుల్లో రాశారో. కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం మాటేమిటి? అది రావలసిన బాకీలకు, డిపాజిట్లకు, షేర్లకే. ఇంటికీ పొలానికీ పనికిరాదు. పనికొచ్చిన చోట కూడా అసలు హక్కు ఎవరిదని తర్వాత ఎవరైనా దావా వేసుకోవచ్చునని 1925 నాటి భారత వారసత్వ చట్టమే తలుపు తీసి పెట్టింది. కోర్టు ఇచ్చే ప్రొబేట్ అయితే వీలునామా నిజమైనదేనంటుంది. అందులో రాసిన ఇల్లు రాసినవాడిదా కాదా అన్నది తన పని కాదంటుంది.

మరి ఇన్ని కాగితాలూ దేనికి? ఇచ్చే చేతికి మసి అంటకుండా ఉండడానికి. వారసత్వ ధ్రువపత్రం చూపించినవాడికి సదుద్దేశంతో డబ్బిచ్చేస్తే ఇచ్చినవాడి బాధ్యత తీరిపోతుందని ఆ 1925 చట్టమే హామీ ఇస్తోంది. గుమస్తా గుండెల్లో ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న: "రేపు ఇంకెవడైనా వస్తే?" మన వారసత్వ వ్యవస్థ మొత్తం ఈ రేపొచ్చేవాడి చుట్టూ కట్టిన కోట. ఎదురుగా కూర్చున్న ఇల్లాలి ముఖం వాళ్లకి కనిపించదు. ఎక్కడో పెద్దాయన రెండో సంసారం, దానికో కొడుకు, వాడొచ్చి బల్ల గుద్దడం, ఆ సినిమా అంతా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం ఆరింటికల్లా కూరలు పట్టుకుని ఇంటికొచ్చిన మాస్టారికి చనిపోయాక ఇంత శృంగార చరిత్ర కట్టబెట్టగలిగేది బ్యాంకొక్కటే.

కోర్టులో రేపొచ్చేవాడికి పత్రికా ప్రకటన ద్వారా ఆహ్వానం పంపుతారు. భూతద్దం పెట్టినా కనపడని అక్షరాల్లో, ఎవరికైనా అభ్యంతరాలుంటే ఫలానా తేదీన హాజరు కావాలని. ఆ ఖర్చు కూడా మనదే. ఇంట్లో ఏ తగాదా లేకపోయినా దావా రూపం రావాలి కాబట్టి చాలా పిటిషన్లలో అమ్మ పిటిషనరు, పిల్లలు ప్రతివాదులు. పొద్దున అమ్మ చేతి ఉప్మా తిని, అమ్మ మీద అభ్యంతరం లేదని చెప్పడానికి అమ్మ ఆటోలోనే కోర్టుకొస్తారు ప్రతివాదులు.

అసలు ముడి ఇంకా ఉంది. పిటిషన్లో ఏ బ్యాంకులో ఎంతుందో రాయాలి, దాన్ని బట్టే కోర్టు ఫీజు. ఎంతుందో బ్యాంకు చెప్పదు, ఖాతాదారు గోప్యత. చెప్పాలంటే వారసత్వ ధ్రువపత్రం తెమ్మంటుంది. పోయినాయన గోప్యతను ఆయన భార్య నుంచి కాపాడుతున్నారన్నమాట. నలభై ఏళ్లు ఆయన చొక్కా జేబులు తనిఖీ చేసిన మనిషి నుంచి! ఎలాగో తెలుసుకుని, ఫీజు కట్టి, ఏడాదో రెండేళ్లో తిరిగి ధ్రువపత్రం తెచ్చుకున్నాక, బీరువాలో పాత చీరల కింద ఇంకో ఫిక్సుడు డిపాజిట్ రసీదు దొరుకుతుంది. అది జాబితాలో లేదు. ధ్రువపత్రాన్ని పొడిగించమని మళ్లీ పిటిషను. చచ్చినవాడి పెళ్లికి వచ్చిందే కట్నమని సరిపెట్టుకునేవాళ్లు ఆ రసీదును మడిచి మళ్లీ చీరల కిందే పెడతారు.

ఆలస్యానికి మన హైదరాబాదుకు అంతర్జాతీయ ఖ్యాతి ఉంది లెండి. 1948 సెప్టెంబరులో నిజాం ఖజానా నుంచి లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనరు పేరు మీదికి మారిన పది లక్షల చిల్లర పౌండ్లు ఎవరివో తేలింది 2019 అక్టోబరులో. ఈలోగా నిజాం పోయారు, హైకమిషనరు పోయారు, సొమ్ము మాత్రం హాయిగా పెరిగి మూడున్నర కోట్ల పౌండ్లయింది. కాబట్టి మీ ఊరి బ్రాంచిలో ఆలస్యమవుతోందని కంగారు పడకండి. మీరు నిజాంకన్నా గొప్పవారా?

వీలునామా రాస్తే ఈ బాధలుండవు కదా అంటారు తెలివైనవాళ్లు. రాయవచ్చు. ఇద్దరు సాక్షులు కావాలి. పెద్దాయన నమ్మేది తన వయసు వాళ్లనే కనుక ఇద్దరు స్నేహితుల చేత పెట్టించారు. ఇద్దరూ ఆయనకన్నా ముందే వెళ్లి అక్కడ ఆయన కోసం సీటు పట్టి ఉంచారు. పోనీ వీలునామాకు ప్రొబేట్ అవసరమా అంటే, బొంబాయి, మద్రాసు, కలకత్తా నగరాల్లోనే వందేళ్లపాటు తప్పనిసరిగా ఉండేది. అదీ అన్ని మతాలకూ కాదు. దొరలు నౌకలు దిగిన రేవులు కాబట్టి అక్కడి ఆస్తికి ఆ మర్యాద. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ సెక్షను కూడా ఎత్తేసింది. తెలుగు జిల్లాల్లో అది తప్పనిసరి కాదు, అయినా కౌంటరులో "ప్రొబేట్ చేయించారా?" అన్న ప్రశ్న మాత్రం చిరంజీవి.

పొలం సంగతీ చూద్దాం. తెలంగాణలో విరాసత్ అనండి, ఆంధ్రలో వారసత్వ మ్యుటేషన్ అనండి, పోర్టల్లో స్లాటు దొరకాలి, వారసులంతా ఒక్క మాట మీద ఉండాలి. పోర్టళ్లకు మాత్రం ఈ నియమాలు వర్తించవు. ధరణి 2020 అక్టోబరు 29న పుట్టింది. 2025 ఏప్రిల్ 14న తన యావదాస్తినీ భూభారతికి ధారపోసి కన్నుమూసింది. లక్షల ఎకరాల రికార్డులు ఒక పేరు మీంచి ఇంకో పేరు మీదికి మారాయి. ఫ్యామిలీ మెంబరు సర్టిఫికెట్ అడిగిన నాథుడు లేడు.

ఇప్పటిదాకా ఆఫీసుల మీద నవ్వాం, బాగుంది. ఇక ఇళ్లలోకి రండి.

ఎక్కడా లేని వారసుడి కోసం ఇంత జాగ్రత్త పడే మనం, ఎదురుగా ఉన్న వారసురాలిని చూడడంలో మాత్రం శుక్లాలు వచ్చినవాళ్లమే. వీఆర్వో గారు విచారణకొచ్చి పిల్లలెంతమంది అని అడిగితే "ఇద్దరండీ" అని జవాబు. కాఫీ తెచ్చి ఇచ్చిన మూడో మనిషి? "అది అమ్మాయి, పెళ్లయిపోయింది." హిందూ వారసత్వ చట్టం 1956లోనే తండ్రి స్వార్జితంలో కొడుకు, కూతురు, భార్య, తల్లి నలుగురినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టింది. పిత్రార్జితంలోనూ ఆడపిల్లకు జన్మహక్కు ఇచ్చిన ఘనత ఎన్టీ రామారావు ప్రభుత్వ హయాంలో ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది, 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా. కేంద్రం అదే పని చెయ్యడానికి 2005 దాకా ఆగింది. ఆ విషయం మన సభల్లో గర్వంగా చెబుతాం. సభ ముగించుకుని ఇంటికొచ్చి చెల్లెలికి ఫోను చేస్తాం. "అమ్మా, రిజిస్ట్రారాఫీసులో చిన్న సంతకముంది, శుక్రవారం వచ్చిపో. వదిన నీకు పట్టుచీర కూడా తీసింది."

ఆ సంతకం పడే హక్కు విడుదల దస్తావేజు మన భాషలో అత్యంత ప్రేమపూర్వకమైన సాహిత్య ప్రక్రియ. ప్రేమాభిమానాల చేత, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా అని మొదలవుతుంది. బలవంతం లేదు, నిజమే. సంతకం పెట్టకపోతే పుట్టింటి గడప తొక్కే మొహముండదు, అంతే. పెళ్లికి ఇచ్చిన కట్నం లెక్క ఆ రోజు బయటికొస్తుంది. ఏ కోర్టు ఆడిటరూ చెయ్యలేనంత నిక్కచ్చిగా, పందిరి కూలీతో సహా. అదే ఏడాది అన్నగారి ఇంజనీరింగు సీటుకు కట్టిన డొనేషను మాత్రం ఆ లెక్కలో కనపడదు. ఎకరం కోటి పలుకుతున్న ఊళ్లో పది వేల చీరకు అరెకరం రాసిచ్చే ఆడపడుచు కన్నా పెద్ద దాత ఎవరున్నారు? ఆమె పేరున ఒక శిలాఫలకమైనా లేదు. ఎదురు తిరిగి వాటా అడిగిందా, "అల్లుడు చెప్పి ఉంటాడు" అంటారు. ఆమెకంటూ ఒక బుర్ర ఉండే అవకాశాన్ని చివరిదాకా ఒప్పుకోరు.

చెప్పొద్దూ, రేపొచ్చేవాడు నిజంగానే వచ్చిన కేసు ఒకటుంది. 1955లో పెళ్లయిన అమ్మాయి. మూడు నెలలకే భర్త పోయాడు. అత్తవారు ఇంట్లోంచి వెళ్లగొట్టారు. పుట్టింటివారు చదివించారు, ఉద్యోగం చేసింది, సొంతంగా సంపాదించుకుంది. నలభై ఏళ్లపాటు అత్తవారు తొంగి చూడలేదు. 1996లో వీలునామా రాయకుండా ఆమె పోయింది. ఖాతాలో, ప్రావిడెంటు ఫండులో ఉన్న డబ్బు కోసం కన్నతల్లి వారసత్వ ధ్రువపత్రం అడిగింది. అప్పుడొచ్చారు రేపొచ్చేవాళ్లు: ఆనాడు పోయిన భర్తగారి అక్కచెల్లెళ్ల కొడుకులు. భర్తా పిల్లలూ లేని హిందూ స్త్రీ స్వార్జితం ముందుగా భర్త వారసులకే వెళ్తుందని చట్టంలో రాసి ఉంది. 2009లో సుప్రీంకోర్టు సానుభూతి వేరు, చట్టం వేరు అంటూ సొమ్మును వాళ్లకే ఇచ్చింది. తల్లికి చదివించిన పుణ్యం దక్కింది. 2025 నవంబరులో అదే కోర్టు, ఇలాంటి తగాదాలు రాకుండా స్త్రీలు వీలునామాలు రాసుకోవాలని సలహా ఇచ్చింది. చట్టం మారేదాకా ఆడవాళ్లే జాగ్రత్తగా చనిపోవాలన్నమాట.

ఇక్కడింతే, అమెరికా అయితేనా, అనే బాపతు ఒకరుంటారు. అక్కడ రాష్ట్రానికో ప్రొబేట్ చట్టం. మనవాళ్లు కిక్కిరిసిన కాలిఫోర్నియానే చూడండి. వీలునామా, ట్రస్టు ఏదీ లేకుండా పోయిన ఐటీ కుర్రాడి ఇల్లు కోర్టుకెక్కితే, లాయరు ఫీజు చట్టంలోనే ఉంది: మొదటి లక్ష డాలర్లకు నాలుగు శాతం, రెండో లక్షకు మూడు, ఆ పైన పది లక్షల దాకా రెండు. లెక్క ఇంటి పూర్తి విలువ మీద. పది లక్షల డాలర్ల ఇంటి మీద తొమ్మిది లక్షల అప్పున్నా సరే, లాయరుకు ఇరవై మూడు వేలు. నిర్వాహకుడూ అంతే తీసుకోవచ్చు. అప్పు మాత్రం ఇంటితోపాటే వస్తుంది. కాకపోతే ఒక తేడా ఉంది. అక్కడ దోచుకునే రేటు ముందే అచ్చేసి ఉంటుంది, ఎవరి టేబుల్ కింద చెయ్యి పెట్టాలో వెతుక్కోనక్కర్లేదు.

మళ్లీ మన బ్యాంకుకు వద్దాం. ఇన్ని కాగితాలు తేలేక విసిగిపోయి పెద్దావిడ ఇంట్లో కూర్చుందనుకోండి. పదేళ్లపాటు ఆ ఖాతాను ఎవరూ కదపకపోతే సొమ్ము తిన్నగా రిజర్వు బ్యాంకులోని ఒక నిధికి వెళ్తుంది. భార్యకు ఇవ్వడానికి కావలసిన సర్టిఫికెట్, అఫిడవిట్, పత్రికా ప్రకటన, సాక్షుల జామీను, వీటిలో ఏ ఒక్కటీ దానికి అక్కర్లేదు. "రేపు ఇంకెవడైనా వస్తే?" అని ఆ రోజు ఏ గుమస్తాకూ అనుమానం రాదు. 2024 మార్చి చివరికి అలా చేరిన మొత్తం 78,213 కోట్ల రూపాయలు. తర్వాతైనా అడిగి తీసుకోవచ్చునట, వెతుక్కోవడానికి ఉద్గమ్ అనే పోర్టలు కూడా ఉంది. లోపలికి వెళ్లాలంటే ఓటీపీ. 2014లో పెట్టిన ఆ నిధి పేరు డిపాజిటర్ల విద్య, అవగాహన నిధి. పోగొట్టుకున్నవాళ్ల సొమ్ముతో తక్కినవాళ్లకు అవగాహన.

ఢిల్లీకి, ముంబైకి ఈ గోడు కొంత వినపడింది, కాదనను. 2025 నవంబరు నుంచి ఒక్కో ఖాతాకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు. తగవు లేని చోట, వాణిజ్య బ్యాంకుల్లో పదిహేను లక్షల దాకా వారసత్వ ధ్రువపత్రం కోసం కోర్టుకు పంపొద్దనీ, కాగితాలన్నీ అందిన పదిహేను రోజుల్లో తేల్చాలనీ, ఆలస్యమైతే వడ్డీ కట్టాలనీ రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఆదేశాలిచ్చింది. 2026 మార్చి 31 లోగా అమలు చెయ్యాలని గడువు పెట్టింది. సంతోషం. మనవడు ఆ ఆదేశాలన్నీ నెట్‌లోంచి దించి, ప్రింటు తీసి, కవర్లో పెట్టి బామ్మ చేతికిచ్చి పంపాడనుకోండి. కౌంటరాయన కళ్లద్దాలు పైకెత్తి, మొదటి పేజీ, చివరి పేజీ చూసి, ఎంతో గౌరవంగా అంటాడు:

"ఇది జిరాక్సండీ మామ్మగారూ. రిజర్వు బ్యాంకు ఒరిజినల్ పట్టుకురండి. లేదా దీన్నే గెజిటెడ్ ఆఫీసరు చేత అటెస్ట్ చేయించి, సోమవారం రండి."